మూలనపడ్డ కారుకు మళ్లీ ప్రాణం

* బ్రేకు చూడటం మొదటి పని.. తాళం తిప్పడం ఆఖరి పని
* తాతల నాటి వాహనాన్ని రోడ్డెక్కించే ముందు తెలుసుకోవాల్సినవి ఇవీ

అమలాపురం: పెంకుటిల్లు పక్కన రేకుల షెడ్డు. అందులో చిరిగిన టార్పాలిన్ కింద, గాలి దిగిపోయిన చక్రాలతో నేలకు అతుక్కుపోయినట్లున్న తెల్లని అంబాసిడర్. పైకప్పు మీద కొబ్బరి డొక్కలు, సీట్ల మీద ఎలుకలు కొరికిన పీచు. గోదావరి జిల్లాల పల్లెల్లో ఇలాంటి దృశ్యం కొత్తకాదు. ఒకప్పుడు పెళ్లికొడుకు ఊరేగాలన్నా, పురిటి నొప్పులు పడుతున్న ఇల్లాలిని రాత్రికి రాత్రి ఆసుపత్రికి చేర్చాలన్నా ఊరంతటికీ ఆ ఒక్క కారే దిక్కు. యజమాని కాలం చేయడం, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడటంతో అది మూలనపడింది.

సంక్రాంతికి ఊరొచ్చిన మనవలకు తాతగారి కారుపై మనసవుతుంది. కొత్త బ్యాటరీ తెచ్చి బిగిస్తారు. రెండు లీటర్ల పెట్రోలు పోస్తారు. పదిమంది కలిసి వెనుక నుంచి నెడతారు. అదృష్టం కలిసొస్తే ఇంజిను అందుకుంటుంది. చప్పట్లు మోగుతాయి. ఆ ఉత్సాహంలోనే అందరూ ఎక్కి కాలువ గట్టు మీదకు బయలుదేరతారు. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే. ఇంజిను తిరిగినంత మాత్రాన కారు బాగుపడినట్లు కాదు. ఏళ్ల తరబడి నిలిచిన వాహనంలో మొదట పాడయ్యేది బ్రేకు. ఆ సంగతి తెలిసేది మలుపు దగ్గర పెడల్ నేలను తాకినప్పుడు. ఒకవైపు కాలువ, మరోవైపు చేలున్న ఇరుకు గట్టుపై ఆ క్షణంలో చేయగలిగింది ఏమీ ఉండదు.

పద్ధతి తెలిసి, వరుస తప్పకుండా పనిచేస్తే పాతికేళ్ల నాటి కారైనా నిక్షేపంగా నడుస్తుందని, తొందరపడితే బాగున్న ఇంజిను కూడా ఒక్క పూటలో చెడుతుందని అనుభవజ్ఞులైన మెకానిక్‌లు చెబుతున్నారు.

కదలకపోయినా క్షీణతే

తిరగని కారు అరగదనేది అపోహ. ఇంజిను నడుస్తున్నంత కాలం లోపలి లోహ భాగాలపై నూనె పొర ఉంటుంది. ఆపేసిన కొన్ని నెలలకు ఆ పొర జారిపోతుంది. కోనసీమ వంటి తీరప్రాంతంలో గాలిలోని తేమ, ఉప్పు కలిసి ఇనుమును తినేస్తాయి. సిలిండర్ గోడలకు, పిస్టన్ రింగులకు తుప్పు పడుతుంది. రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది. పెట్రోలు ఆవిరై, మిగిలింది జిగురుగా మారుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని లోపలి నుంచే సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది.

మన పల్లెల్లో ఎక్కువగా కనిపించే పాత కార్లు మూడు రకాలు. 1950ల చివర తయారీ మొదలై 2014 మే వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారం నుంచి వచ్చిన అంబాసిడర్ ఒకటి. ఫియట్‌గా జనం పిలుచుకున్న ప్రీమియర్ పద్మిని మరొకటి. 1983 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చి 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన మారుతి 800 మూడోది. ఈ మూడింటిలోనూ పాత మోడళ్లు కార్బురేటర్‌తో నడిచేవే. కంప్యూటర్ అవసరం లేకుండా స్పానర్లతోనే బాగుచేసుకోవచ్చు.

ముందు చూపు.. తర్వాతే చేయి

పనిముట్లు పట్టుకునే ముందు కారు చుట్టూ, కిందా నిదానంగా పరిశీలించాలి. బానెట్, డిక్కీ తెరిచేటప్పుడు చేతులు లోపల పెట్టకుండా కర్రతో తట్టి చూడటం మంచిది. నిలిచిపోయిన కార్లలో ఎలుకలు చేరతాయి. ఎలుకల కోసం పాములు చేరతాయి. సీట్ల కింద, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూళ్లుంటాయి. సైలెన్సర్ గొట్టం చివరన, పెట్రోలు ట్యాంకు గాలి రంధ్రంలో కుమ్మరి పురుగులు మట్టితో మూసేసి ఉండవచ్చు. వీటన్నింటినీ శుభ్రం చేయాలి.

తర్వాత చూడాల్సింది తుప్పు. అంబాసిడర్‌కైనా, మారుతికైనా లారీల మాదిరిగా విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బరువంతా మోస్తుంది. అందుకే తలుపుల కింది అంచులు, ఫ్లోరు, అంబాసిడర్‌లో వెనుక కమాన్లు బిగించే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. గుచ్చుకుని లోపలికి దిగిపోతే అక్కడ ఇనుము లేదు, రంగు మాత్రమే ఉందని అర్థం. పైపై తుప్పయితే టింకరింగ్‌తో సరిపోతుంది. కమాన్ల పట్టు, స్టీరింగ్ పట్టు కుళ్లిపోతే మాత్రం ఇంజినుపై రూపాయి ఖర్చు పెట్టే ముందే ఆలోచించుకోవాలి. చాలామంది మొదట రంగు వేయించి, సీట్లు కుట్టించి, చివరకు ఫ్లోరు పనికిరాదని తెలుసుకుని నష్టపోతున్నారు.

ఆగాలి.. ఆ తర్వాతే కదలాలి

బాగుచేతలో మొదటి స్థానం బ్రేకులదే. చాలా పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ ఒకే బ్రేకు లైను ఉంటుంది. ఎక్కడో ఒకచోట గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అందువల్ల పైపైన చూసి వదిలేయడం తగదు.

కారును జాకీతో లేపి, కింద గట్టి కర్ర దిమ్మలు లేదా స్టాండ్లు పెట్టాలి. జాకీని మాత్రమే నమ్ముకుని కారు కిందకు దూరకూడదు. ఇటుకలు బరువుకు హఠాత్తుగా పగిలిపోతాయి కనుక వాటినీ వాడకూడదు. నాలుగు చక్రాలూ విప్పి డ్రమ్ములు తీయాలి. ఏళ్ల తరబడి హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచితే బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. లోపలి దుమ్మును నోటితో గానీ, గాలి గొట్టంతో గానీ ఊదకూడదు. పాత షూల లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అది ఊపిరితిత్తులకు హానికరం. తడిగుడ్డతో తుడవాలి.

వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ విప్పి లోపలి గోడను వేలితో తడిమి చూడాలి. గుంటలు తగిలితే సిలిండరే మార్చాలి. నున్నగా ఉంటే రబ్బరు కిట్ మారిస్తే చాలు. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు చూడటానికి బాగున్నా మార్చి తీరాల్సిందే. పాత బ్రేకు ఆయిల్ మొత్తం తీసేసి, తయారీదారు సూచించిన రకం కొత్త ఆయిల్ పోసి, లైనులో గాలి లేకుండా బ్లీడింగ్ చేయాలి. కొన్ని పల్లెల్లో బ్రేకు ఆయిల్ లేదని ఇంజిన్ ఆయిల్ పోస్తుంటారు. దానివల్ల రబ్బర్లన్నీ ఉబ్బి బ్రేకులు పూర్తిగా దెబ్బతింటాయి.

పని పూర్తయ్యాక పెడల్‌ను గట్టిగా తొక్కి నిమిషం పాటు అలాగే ఉంచాలి. అది నెమ్మదిగా కిందకు దిగుతుంటే ఎక్కడో ఆయిల్ జారుతున్నట్లే. ఆ లోపం సరిచేసే వరకు కారు షెడ్డు దాటకూడదు.

పాత పెట్రోలుతో పేచీ

ట్యాంకులో మిగిలిన పెట్రోలును వాసన చూస్తేనే తెలుస్తుంది. తాజా పెట్రోలు ఘాటుగా ఉంటుంది. పాతది వార్నిష్ వాసన వేస్తుంది. దాన్ని పూర్తిగా తీసేయాలి. కొత్త పెట్రోలు కలిపితే సర్దుకుంటుందనుకోవడం పొరపాటు. అడుగున చేరిన నీరు, తుప్పు, జిగురు కలిసి కార్బురేటర్ జెట్లను మూసేస్తాయి.

2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా సాధారణమైంది. పాత కార్లలోని రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లు ఈ ఇంధనాన్ని దృష్టిలో ఉంచుకుని చేసినవి కావు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. అందుకే బాగుచేసేటప్పుడే ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, కిట్లు అడిగి వేయించుకోవడం మేలు. అరుదుగా తిరిగే కారులో ఇంధనాన్ని నెలల తరబడి నిల్వ ఉంచకూడదు.

ట్యాంకు చిల్లులు పడితే వెల్డింగ్ షాపుకు పట్టుకెళ్లడం పల్లెల్లో మామూలే. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరమని చాలామందికి తెలియదు. లోపల మిగిలిన పెట్రోలు ఆవిరి నిప్పురవ్వ తగిలితే బాంబులా పేలుతుంది. ఆవిరి పూర్తిగా పోయేలా శుభ్రం చేయడం తెలిసిన నిపుణుల చేతికే ఆ పని అప్పగించాలి. లేదా ట్యాంకునే మార్చుకోవాలి.

డీజిల్ కారైతే ట్యాంకులో నీరు, నల్లని మడ్డి చేరతాయి. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, లైనులో చేరిన గాలిని తీసిన తర్వాతే ప్రయత్నించాలి.

సెల్ఫ్ కొట్టే ముందు చేతితో తిప్పాలి

ఏళ్ల తరువాత మొదటిసారే సెల్ఫ్ కొట్టినా, నెట్టి గేరు వేసినా పొడిబారిన పిస్టన్ రింగులు సిలిండర్ గోడలను గీరేస్తాయి. తుప్పుతో పట్టేసి ఉంటే రింగులు విరుగుతాయి. కొద్దిపాటి ఓర్పుతో ఈ నష్టాన్ని నివారించవచ్చు.

స్పార్క్ ప్లగ్గులు విప్పి ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోయాలి. అంబాసిడర్, పద్మినిలకు నాలుగు సిలిండర్లు. మారుతి 800కు మూడు. ఒకటి రెండు రోజులు అలాగే వదిలేయాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉంచి ఇంజినును చేతితో తిప్పాలి. పాత అంబాసిడర్‌కు ముందు నుంచి పెట్టే హ్యాండిల్ ఉంటుంది. అది లేని కార్లకు కింది పుల్లీ బోల్టుకు స్పానర్ పట్టించి, ఇంజిను తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పాలి. కదలకపోతే మళ్లీ ఆయిల్ పోసి నాలుగైదు రోజులు ఆగాలి. బలప్రయోగం పనికిరాదు. అప్పటికీ తిరగకపోతే హెడ్ విప్పి చూడాల్సిందే.

సాఫీగా తిరిగితే సగం గండం గడిచినట్లే. పాత ఆయిల్‌ను తీసి, ఫిల్టర్ మార్చి, కొత్తది పోయాలి. తీసిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీరు చేరినట్లు గుర్తించాలి. ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్‌తో కొద్దికొద్దిగా తిప్పుతూ, డాష్‌బోర్డులో ఆయిల్ దీపం ఆరే వరకు లేదా గేజ్ ముల్లు లేచే వరకు ఆయిల్‌ను పైభాగాలకు చేరనివ్వాలి.

మారుతి 800లో టైమింగ్ బెల్టు ఉంటుంది. కారు తిరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు బలహీనపడుతుంది కాబట్టి దాన్ని మార్చాకే ఇంజిను ప్రారంభించాలి. అంబాసిడర్ పెట్రోలు ఇంజినులో బెల్టు స్థానంలో చైను ఉంటుంది కనుక ఆ బెంగ లేదు.

రేడియేటర్‌ను కడిగి, హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు మార్చాలి. తీరప్రాంతంలో బోరు నీరు పోస్తే అందులోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటాయి. కూలెంట్ వాడటం శ్రేయస్కరం.

తీగలు కొరికితే నిప్పే

ఏడాదికి పైగా వదిలేసిన బ్యాటరీ తిరిగి కోలుకోవడం అరుదు. పూర్తిగా చార్జయిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల వరకు చూపాలి. అయితే కొత్త బ్యాటరీ బిగించడానికి ముందే వైరింగ్ అంతా వెతకాలి. ఎలుకలు కొరికిన చోట రాగి తీగ బయటపడి బాడీకి తగిలితే క్షణాల్లో మంటలు రేగుతాయి. టేపు చుట్టి సరిపెట్టకుండా దెబ్బతిన్న తీగను మార్చించాలి. సరైన సామర్థ్యం గల ఫ్యూజులే వాడాలి. ఫ్యూజు స్థానంలో సిగరెట్ ప్యాకెట్ వెండికాగితం చుట్టే అలవాటు ఇల్లు కాల్చే అలవాటు.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లను శుభ్రం చేయాలి. కండెన్సర్, ప్లగ్గులు, ప్లగ్ వైర్లు కొత్తవి వేస్తే స్టార్టింగ్ కష్టాలు చాలావరకు తీరతాయి.

ఇప్పుడు తిప్పండి తాళం

కారును షెడ్డు నుంచి బయటకు నెట్టి ఆరుబయటే స్టార్టు చేయాలి. మూసిన గదిలో ఇంజిను నడిపితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. అగ్నిమాపక సిలిండర్, లేదంటే కనీసం రెండు బకెట్ల ఇసుక దగ్గరుంచుకోవాలి. కార్బురేటర్ మూతిలో పెట్రోలు పోస్తూ మరొకరితో సెల్ఫ్ కొట్టించడం అత్యంత ప్రమాదకరం. ఇంజిను ఎదురు తన్నితే మంట నేరుగా ముఖానికే వస్తుంది.

అందుకున్న వెంటనే యాక్సిలరేటర్ బలంగా తొక్కకూడదు. సిలిండర్లలో పోసిన ఆయిల్ కాలే వరకు మొదట నీలిరంగు పొగ రావడం సహజం. పావుగంట తర్వాత కూడా నీలిపొగ వస్తే రింగులు లేదా వాల్వ్ సీళ్లు అరిగినట్లు. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటర్ నీరు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్లు. నల్లపొగ వస్తే కార్బురేటర్ పెట్రోలు ఎక్కువగా ఇస్తున్నట్లు. ఆయిల్ దీపం ఆరకపోతే వెంటనే ఇంజిను ఆపేయాలి.

టైర్ల పక్క గోడపై ఉండే తేదీ సంకేతాన్ని గమనించాలి. చివరన నాలుగు అంకెలుంటే మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2315 అని ఉంటే 2015లో 23వ వారంలో తయారైనట్లు. మూడంకెలే ఉంటే అది 2000కు ముందు నాటి టైరు. గీతలు అరగకపోయినా దాన్ని పక్కన పడేయాల్సిందే.

మొదటి ప్రయాణం ఇంటి ఆవరణలోనే సాగాలి. పది అడుగులు కదలడం, ఆగడం. తిరిగి కదలడం, ఆగడం. నాలుగు చక్రాల బ్రేకులూ సమానంగా పట్టాయని తేలాకే కాగితాల పని ముగించి రోడ్డెక్కాలి. తొలుత అయిదు కిలోమీటర్లు నడిపి, ఏ డ్రమ్ము వేడెక్కింది, ఎక్కడ ఆయిల్ కారింది చూసుకోవాలి. తర్వాత దూరం పెంచుకోవచ్చు. 500 కిలోమీటర్లకు మరోసారి ఇంజిన్ ఆయిల్ మారిస్తే లోపలి మడ్డి వదులుతుంది.

కాగితాలు లేకుంటే కదలరాదు

పదిహేనేళ్లు దాటిన కారు నేరుగా తుక్కుకే వెళ్లాలన్న ప్రచారం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత కార్లకు అలాంటి నిబంధన లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ల పరిమితి తప్పనిసరైంది ప్రభుత్వ వాహనాలకే. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై రవాణా శాఖ తనిఖీలో నెగ్గితే అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం రూ.600 నుంచి రూ.5 వేలకు పెంచింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ.10 వేలు చేసింది. దీనికి గ్రీన్‌ట్యాక్స్, ఆలస్య రుసుములు తోడవుతాయి. కనుక మరమ్మతులకు ముందే రవాణా కార్యాలయంలో మొత్తం లెక్క అడిగి తెలుసుకోవాలి.

చాలా ఇళ్లలో చిక్కు మరొకటుంది. ఆర్సీ ఇంకా చనిపోయిన తండ్రి పేరునో, తాత పేరునో ఉంటుంది. వారసులు ఫారం-31తో, మరణ ధ్రువపత్రం, వారసత్వ ఆధారాలతో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. నిబంధనల ప్రకారం యజమాని మరణించిన మూడు నెలల్లో ఇది జరగాలి. ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం లేకుండా రోడ్డుపై నడిపితే జరిమానాతో పోదు. ప్రమాదంలో ఎవరికైనా ఏదైనా జరిగితే పరిహారం భారమంతా కుటుంబంపైనే పడుతుంది. తనిఖీకి తీసుకెళ్లాలన్నా సొంతంగా నడపకుండా వేరే వాహనంపై ఎక్కించి తరలించడం క్షేమం.

ఉంచాలా.. వదలాలా

బాడీ కుళ్లి, కాగితాలు దొరక్క, ఖర్చు భరించలేని స్థితి ఉంటే కారును వదులుకోవడమూ వివేకమే. అలాంటప్పుడు పాత ఇనుము వ్యాపారికి తూకానికి అమ్మకుండా, ప్రభుత్వ గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి ఇవ్వాలి. అక్కడిచ్చే డిపాజిట్ ధ్రువపత్రం చూపితే కొత్త సొంత వాహనం కొన్నప్పుడు జీవితకాల పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చని కేంద్రం నిబంధనలు చేసింది. రిజిస్ట్రేషన్ రద్దు చేయించడం మరవకూడదు. లేదంటే ఆ నంబరు మరెవరి చేతిలోనో దుర్వినియోగం కావచ్చు.

ఉంచుకోదలిస్తే మాత్రం వరుస తప్పకూడదు. డబ్బులు చాలకపోతే సీట్లు, రంగు, పాటల పెట్టె వచ్చే సంక్రాంతికి వాయిదా వేసుకోవచ్చు. బ్రేకులు, టైర్లు, వైరింగ్ వాయిదా వేసేవి కావు. విడిభాగాలకు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వెతికితే అంబాసిడర్, మారుతి సామగ్రి దొరుకుతుంది. బాగైన తర్వాత కూడా వారానికోసారి ఇంజిను పూర్తిగా వేడెక్కేలా పది కిలోమీటర్లు తిప్పాలి. పట్నంలో ఉన్నవారు ఆ బాధ్యతను ఊళ్లోని నమ్మకస్తునికి అప్పగించాలి. లేదంటే ఏడాది తిరిగేసరికి కారు మళ్లీ మొదటికే వస్తుంది.

ఇవి మరవొద్దు

* ముందు బ్రేకులు, తర్వాత ఇంధనం, ఆ తర్వాతే ఇంజిను.
* ప్లగ్గుల రంధ్రాల్లో ఆయిల్ పోసి, చేతితో తిప్పకుండా సెల్ఫ్ కొట్టవద్దు.
* పాత పెట్రోలుపై కొత్తది పోయవద్దు.
* జాకీపై మాత్రమే నిలిపిన కారు కిందకు వెళ్లవద్దు.
* పెట్రోలు ట్యాంకుకు ఇంటి దగ్గర వెల్డింగ్ చేయించవద్దు.
* మూసిన షెడ్డులో ఇంజిను నడపవద్దు.
* పిల్లలను ఎక్కించుకుని పరీక్షా ప్రయాణం చేయవద్దు.
* ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం లేకుండా ఊరి పొలిమేర వరకైనా వెళ్లవద్దు.